కోత తరువాతి రోజులు: ఉర్వా, జమఖ్షరీ, షిబ్లీ

సబ్ర్ గురించి జరిగే ప్రసంగాలలో హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ ప్రస్తావన రాకుండా ఉండటం అరుదు. వైద్యులు వచ్చారనీ, కాలు మీద రంపం ఆడించారనీ, ఆయన నోట దైవస్మరణ తప్ప మరో మాట రాలేదనీ వక్త చెబుతాడు. శ్రోతలు ‘సుబ్‌హానల్లాహ్’ అంటారు. కథ అక్కడితో ముగుస్తుంది. చరిత్ర గ్రంథాలలో మాత్రం అది అక్కడ ముగియలేదు. కాలు పోయిన తరువాత ఉర్వా ఎనిమిది సంవత్సరాలు జీవించారని ఇబ్న్ ఖల్లికాన్ వ్రాశారు. రంపం ఎంతసేపు ఆడినా అది ఒక పూట పని. ఆ తరువాతి ఎనిమిదేళ్లు ఎలా గడిచాయన్నది ప్రసంగాలలో వినబడదు. శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికి చేరి, మంచం మీద పడుకుని ఇంటి కప్పు వంక చూస్తూ ఉండే రోగికి కావలసింది ఆ రెండో భాగమే.

ఉర్వా సామాన్యుల ఇంట పుట్టినవారు కారు. తండ్రి హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (ర), తల్లి హజ్రత్ అబూబక్ర్ (ర) కుమార్తె హజ్రత్ అస్మా (ర). విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (ర) ఆయనకు పిన్ని. దైవప్రవక్త (స) గృహజీవితం గురించి ఆమె ద్వారా మనకు చేరిన హదీసులలో చాలా భాగం ఈ అక్క కొడుకు నోటి నుంచి వచ్చినదే. అన్న అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (ర) ఖిలాఫత్ కోసం పోరాడి హి.శ. 73 (క్రీ.శ. 692)లో మక్కాలో హజ్జాజ్ సైన్యం చేతిలో షహీదయ్యారు. తమ్ముడు ఆ దారిన పోలేదు. మదీనాలో విద్యాబోధనలో మునిగి, ‘మదీనా ఏడుగురు ధర్మవేత్తలు’గా చరిత్ర పిలిచే వారిలో ఒకరయ్యారు. నష్టమంటే ఏమిటో ఆయనకు కాలు పోకముందే తెలుసు. హి.శ. 63 (క్రీ.శ. 683)లో మదీనాపై దండెత్తి వచ్చిన హర్రా యుద్ధం నాడు తన ఫిఖహ్ గ్రంథాలను తానే తగులబెట్టుకున్నారు. తన ఆలుబిడ్డలకూ ఆస్తికీ బదులు ఆ పుస్తకాలు మిగిలి ఉంటే బాగుండునని తరువాత వాపోయేవారట.

ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ పాలన హి.శ. 86 నుంచి 96 వరకు (క్రీ.శ. 705–715). ఆయనను కలవడానికి ఉర్వా మదీనా నుంచి డమాస్కస్‌కు బయలుదేరారు. వెంట కుమారుడు ముహమ్మద్ ఉన్నాడు. దారిలోనే ఉర్వా పాదానికి పుండు లేచింది. అరబ్బులు దానిని ‘ఆకిలా’ అనేవారు, అంటే తినివేసేది. మాంసం కుళ్లుతూ పైకి పాకిపోయే రోగం. డమాస్కస్ చేరేసరికి అది ముదిరింది. కాలు తీసివేయకపోతే ప్రాణానికే ముప్పని వైద్యులు చెప్పారు. ఆ ప్రయాణంలోనే కుమారుడు ముహమ్మద్ వలీద్ గుర్రపుశాలలోకి వెళ్లి, అక్కడి జంతువుల కాళ్ల తాపులకు మరణించాడు. తండ్రి కాలు, కొడుకు ప్రాణం ఒకే ప్రయాణంలో పోయాయి. ఏది ముందు జరిగిందన్న దానిలో ఉల్లేఖనాల మధ్య తేడా ఉంది.

తెలివి తప్పించే పానీయం ఇస్తామని వైద్యులు అన్నారు. ఉర్వా ఒప్పుకోలేదు. నొప్పి తెలియకుండా అవయవం పోతే దాని పుణ్యం కోల్పోతానని ఆయన అన్నట్లు ఒక ఉల్లేఖనం, దైవాన్ని ఎరిగినవాడు తన బుద్ధిని పోగొట్టే దానిని ఎలా తాగుతాడని అన్నట్లు మరొకటి. ఎముకను రంపంతో కోశారు. నెత్తురు ఆగేందుకు కాచిన నూనెలో ముంచి వాత పెట్టారు. ఆయన స్పృహ తప్పారు. తేరుకుని ముఖం మీది చెమట తుడుచుకున్నారు. తెగిన పాదం అక్కడివారి చేతుల్లో కనిపిస్తే తెప్పించుకుని, చేతిలో తిప్పి చూసి, దానితో తాను ఎన్నడూ నిషిద్ధమైన చోటికి నడవలేదన్న సంగతి తనను దాని మీద నడిపించినవానికి తెలుసునన్నారట. కడిగి, సుగంధం పూసి, గుడ్డలో చుట్టి ముస్లిముల ఖబరస్తాన్‌కు పంపించారు. నమాజులో ఉండగా కోశారనే మాట ప్రచారంలో ఉంది. కానీ పలు పాత ఉల్లేఖనాలు చెప్పేది ఆయన తక్బీర్, తహ్లీల్ పలుకుతూ ఉన్నారనే. స్పృహ తప్పిన మనిషి గురించి అంతకుమించి అలంకారం అవసరం లేదు కూడా.

ఇక్కడ గ్రంథకర్తలు రెండు రకాలుగా వ్రాసిన ఒక చిన్న విషయం ఉంది. ఉర్వా రోజూ ఖుర్ఆన్‌లో నాలుగో వంతు ముస్‌హఫ్ చూస్తూ పఠించి, రాత్రి నమాజులో దానినే చదివేవారు. కాలు తీసిన ఆ రాత్రి సంగతి ఏమిటి? ఆ రాత్రి కూడా తన విర్ద్ విడువలేదని ఇబ్న్ ఖల్లికాన్ గ్రంథం చెబుతున్నది. ఇబ్న్ షౌజబ్ ఉల్లేఖనం ప్రకారం, ఆయన జీవితంలో దానిని విడిచిన రాత్రి అదొక్కటే. మరునాటి రాత్రి మళ్లీ అందుకున్నారని కూడా వ్రాసినవారున్నారు. ప్రసంగాలలో మొదటిదే వినబడుతుంది, ఎందుకంటే అది ఎక్కువ అద్భుతంగా ఉంటుంది. అయితే రెండో మాటే నిజానికి దగ్గరగా తోస్తుంది. మహానుభావుల గురించి కల్పన చేసేవారు లోటు పూడుస్తారు గాని లోటు కల్పించరు. పైగా రోగికి అక్కరకు వచ్చేదీ ఆ రెండో మాటే. ఒక రాత్రి తప్పిపోయింది, తప్పిపోవలసిన రాత్రే అది. మరునాడు ముస్‌హఫ్ మళ్లీ తెరుచుకుంది. శస్త్రచికిత్స తరువాత పదిరోజులు తిలావత్ సాగలేదని కుమిలిపోయే వృద్ధులు మన ఇళ్లలో ఉన్నారు. వారికి చెప్పవలసిన ఉల్లేఖనం ఇది.

అలాగే ఆ పానీయం సంగతి కూడా. ఉర్వా వద్దన్నారు గనుక మత్తుమందు తీసుకోవడం సహనానికి విరుద్ధమని కొందరు అనుకుంటారు. ధర్మవేత్తలు ఆయన తీరును ఆయన సొంత ఎంపికగా చూశారే తప్ప అందరికీ శాసనంగా చేయలేదు. కుళ్లుతున్న చేతిని తీయడానికి తెలివి తప్పించే మందు అవసరమైతే వాడవచ్చా అన్న ప్రశ్న షాఫయీ గ్రంథాలలో నేరుగానే వచ్చింది. అందులో రెండు అభిప్రాయాలుండగా, వాడవచ్చుననేదే సరైనదని ఇమామ్ నవవీ (మరణం హి.శ. 676, క్రీ.శ. 1277) నిర్ధారించారు. శస్త్రచికిత్స బల్ల మీద కళ్లు మూసుకుపోయిన మనిషి పుణ్యమేదో పోగొట్టుకున్నానని తరువాత బాధపడవలసిన పని లేదు.

ఆ రోజుల్లో అవయవం తీయడం ఎంత పెద్ద నిర్ణయమో తెలియాలంటే, ఉర్వా తరువాత మూడు శతాబ్దాలకు అందులుసియాలో జీవించిన అబుల్ ఖాసిమ్ జహ్రావీ ‘అత్తస్రీఫ్’ చూడాలి. అందులో ముప్పయ్యవ ప్రకరణం పూర్తిగా శస్త్రచికిత్స గురించినదే. కోయవలసిన చోటుకు పైనా కిందా కట్లు బిగించడం, రెండు కట్ల నడుమ మాంసం కోసి ఎముకను రంపంతో తీయడం, నెత్తురు ఉబికితే వాత పెట్టడం, అన్నీ వివరించారు. ఒక రోగి సంగతి కూడా చెప్పారు. ఆ మనిషి పాదం నల్లబడి రోగం పైకి పాకుతుంటే తానే పాదాన్ని కోసుకుని బతికాడు. చాలాకాలం తరువాత చేతికి అదే వచ్చి జహ్రావీ దగ్గరకు వచ్చాడు. అతని బలహీనత చూసి, చచ్చిపోతాడేమోనన్న భయంతో జహ్రావీ చేయి తీయడానికి వెనుకాడారు. అతడు ఆశ వదులుకుని తన ఊరు వెళ్లి, ఆ చేతినీ తానే కోసుకుని కోలుకున్నాడని తరువాత విన్నారట. అంత పెద్ద వైద్యుడు తన సందేహం తప్పని తేలిన సంగతిని తన పుస్తకంలోనే వ్రాసిపెట్టారు. వైద్య గ్రంథాలలో ఇటువంటి నిజాయితీ అరుదు.

ఉర్వా మదీనాకు తిరిగి వచ్చారు. ఊరంతా పరామర్శకు వచ్చింది. దైవంతో ఆయన చెప్పుకున్న మాట అందరికీ తెలిసిందే: ఏడుగురు కొడుకులలో ఒకరిని తీసుకుని ఆరుగురిని ఉంచావు, రెండు చేతులూ రెండు కాళ్లలో ఒకటి తీసుకుని మూడింటిని మిగిల్చావు అని. దానికంటే తక్కువగా వినబడేది ఇబ్రాహీమ్ బిన్ ముహమ్మద్ బిన్ తల్హా పరామర్శ. మాకు కావలసిన మీ జ్ఞానాన్నీ మీ ఆలోచననూ అల్లాహ్ మాకు మిగిల్చాడు అన్నది దాని సారాంశం. రోగిని చూడటానికి వెళ్లేవారు ఈ మాటను జ్ఞాపకం పెట్టుకోవాలి. ‘అయ్యో’ అనే పరామర్శ పోయినదాన్ని లెక్కపెడుతుంది. ఇబ్రాహీమ్ మిగిలినదాన్ని లెక్కపెట్టి, దానితో తమకు ఇంకా పని ఉన్నదని చెప్పారు.

పని నిజంగానే ఉంది. హి.శ. 87 (క్రీ.శ. 706)లో ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ మదీనాకు గవర్నరుగా వచ్చారు. వచ్చీ రాగానే పదిమంది ధర్మవేత్తలను పిలిపించి, మిమ్మల్ని సంప్రదించకుండా ఏ నిర్ణయమూ చేయనని చెప్పారు. తబరీ ఇచ్చిన ఆ జాబితాలో మొదటి పేరు ఉర్వాదే. ఆయన మరణాన్ని ఎక్కువమంది హి.శ. 94 ప్రాంతంలో చెబుతారు. దాని నుంచి ఎనిమిదేళ్లు వెనక్కి లెక్కిస్తే కాలు పోయింది వలీద్ పాలన తొలినాళ్లలోనే. ఈ లెక్క సరైనదైతే, గాయం మానిందో లేదో అనుకునేంతలోనే ఆ సభకు పిలుపు వచ్చిందన్నమాట. ఆ సంవత్సరాలలోనూ ఆయన బోధన ఆగలేదు. ఇమామ్ జుహ్రీ, కుమారుడు హిషామ్ వంటివారు ఆయన నుంచి అందుకున్న జ్ఞానమే తరువాత హదీసు, సీరత్ గ్రంథాలకు మూలమైంది. మదీనా వెలుపల అఖీఖ్ లోయలో ఆయన పేరు మీద ఒక భవనం, ఒక బావి ఉండేవి. ఆ భవన శిథిలాలను ఈనాటికీ చూపిస్తారు.

మంచం పట్టినవారికి కాలం ఎందుకు బరువవుతుంది? రోజుకు అంచులు లేకుండా పోవడం వల్ల. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర)కు మూలవ్యాధి ఉండేది. నమాజు ఎలా చేయాలని ప్రవక్త (స)ను అడిగితే నిలబడి చేయమనీ, చేతకాకపోతే కూర్చునీ, అదీ చేతకాకపోతే పక్కమీద పడుకునీ చేయమనీ సెలవిచ్చారని బుఖారీ గ్రంథంలో ఉంది. ఈ హదీసును సాధారణంగా రాయితీగా చదువుతాం. రోగి వైపు నుంచి చదివితే మరొకటి కూడా కనిపిస్తుంది: రూపం ఎంత తగ్గినా వేళలు అయిదూ నిలిచే ఉన్నాయి. పక్కమీది మనిషికి కూడా ఫజ్ర్ వస్తుంది, అస్ర్ వస్తుంది.

కోలుకునే దశ అనేది ఒకటి ఉన్నదని, అందులో రోగికి చేయూత కావాలని గుర్తించిన వ్యవస్థలు కూడా ముస్లిం నగరాలలో ఉండేవి. క్రీ.శ. 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో కట్టించిన మన్సూరీ బీమారిస్తాన్‌లో స్వస్థత పొంది వెళ్లేవారికి బట్టలూ కొంత బహుమానమూ ఇచ్చే ఏర్పాటు వక్ఫ్ ఆదాయం నుంచి ఉండేది. నిన్నటివరకు మంచంలో ఉన్న మనిషి ఈ రోజే కూలికి పోలేడన్నది ఆ ఏర్పాటు వెనుక ఉన్న ఎరుక.

కాలు పోయినవారిలో రెండోవారు ‘కష్షాఫ్’ తఫ్సీర్ కర్త జారుల్లాహ్ జమఖ్షరీ (హి.శ. 467–538, క్రీ.శ. 1075–1144). ఆయన విశ్వాసాలలోని ముఅతజిలీ పోకడలను మన ఉలమా అంగీకరించలేదు. అయినా ఖుర్ఆన్ భాషాసౌందర్యం తెలుసుకోవాలనుకున్నవారు ఆ పుస్తకాన్ని పక్కన పెట్టనూ లేదు. ఆయన పాదం ఖ్వారిజమ్ ప్రాంతపు మంచుకూ చలికీ పోయిందని ఒక కథనం. ఆ దేశంలో చలివల్ల కాళ్లూ వేళ్లూ రాలిపోయినవారిని తాను ఎందరినో చూశానని ఇబ్న్ ఖల్లికాన్ వ్రాశారు. రెండో కథనం జమఖ్షరీ బాగ్దాద్‌లో స్వయంగా చెప్పినట్లు వచ్చినది. చిన్నతనంలో ఒక పిచ్చుక కాలికి దారం కట్టారు. అది తప్పించుకుని గోడ కన్నంలో దూరితే లాగారు. పిచ్చుక కాలు తెగింది. తల్లి నొచ్చుకుని, దాని కాలు తెంపినట్లే నీ కాలు తెగుగాక అన్నది. తరువాత చదువు కోసం బుఖారా వెళ్తుంటే వాహనం మీద నుంచి పడి కాలు విరిగి, చివరకు తీయించవలసి వచ్చింది. కథ నిజమైనా కాకపోయినా, పోయిన కాలికి కారణం వెతుక్కుంటూ జ్ఞాపకాలు తవ్వుకునే రోగి మనసు అందులో ఉంది.

ఆయన కొయ్యకాలితో నడిచేవారు. పొడవైన బట్టలు దాని మీదుగా జారవిడిచేవారు. చూసేవారు కుంటివాడు కాబోలు అనుకునేవారు. అంతకంటే గుండెను పట్టే సంగతి, ఆయన దగ్గర ఉండే ఒక పత్రం. పాదం ప్రమాదవశాత్తూ పోయిందే తప్ప ఏ నేరానికీ శిక్షగా పోలేదని అనేకమంది సాక్ష్యం పలికిన పత్రమది. కొత్త ఊరిలో ఎవరు ఏమనుకుంటారోనని వెంట ఉంచుకునేవారు. నొప్పిని ఓర్చుకోవడం ఒక సహనం. జనం చూపును ఓర్చుకోవడం మరొకటి, అది ఎక్కువకాలం కావాలి. అరబీ వ్యాకరణంలో తన కాలంలో సాటిలేని మనిషి కూడా ఆ చూపు ముందు కాగితం చూపవలసి వచ్చింది.

ఆ కాలితోనే ఖ్వారిజమ్ నుంచి మక్కాకు రెండుసార్లు చేరారు. రెండోసారి అక్కడి షరీఫ్ ఇబ్న్ వహ్హాస్ ఆదరణలో ‘కష్షాఫ్’ పూర్తిచేశారు. ముప్పై ఏళ్లు పట్టవచ్చునని అనుకున్న పని హజ్రత్ అబూబక్ర్ (ర) ఖిలాఫత్ సాగినంత కాలంలో, అంటే రెండేళ్ల పైచిలుకులో పూర్తయిందని పీఠికలో ఆయనే చెప్పుకున్నారు. అది హి.శ. 528 (క్రీ.శ. 1134). అంతకు ముందు హి.శ. 512లో ఒక తీవ్రమైన జబ్బు చేసింది. అందులో ఉండగానే, బతికి లేస్తే పాలకుల గడప తొక్కననీ వారి పొగడ్తలు వ్రాయననీ మొక్కుకున్నారు. మంచం మీద పడి ఉన్న రోజుల్లో తన వెనుకటి పనిని తూచి చూసుకుని, లేచాక దిశ మార్చుకున్నారన్నమాట.

ఉర్వా వద్దన్న ఆ ‘తెలివి తప్పించే మందు’ పంతొమ్మిదో శతాబ్దంలో క్లోరోఫారం రూపంలో శస్త్రచికిత్సను మార్చివేసింది. దాని భద్రతపై ప్రపంచం దృష్టిని ఆకర్షించిన పరీక్షలు జరిగింది మన హైదరాబాదులోనే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో, రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888లోనూ 1889లోనూ రెండు క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫారం గుండెకు నేరుగా హాని చేయదన్న వారి తీర్మానం తరువాతి పరిశోధనలకు నిలవలేదు. అయినా బల్ల మీది బాధను చాలావరకు తొలగించిన యుగం అది. బల్ల దిగిన తరువాతి నెలలను మాత్రం ఏ మందూ తొలగించలేదు.

ఆ యుగపు మనిషే మౌలానా షిబ్లీ నోమానీ (1857–1914). తెలుగునాటికి ఆయన పరాయివారు కారు. 1901 నుంచి 1905 వరకు హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు విద్యా గ్రంథాల శాఖను నిర్వహించారు. ‘అల్ గజాలీ’, ‘ఇల్ముల్ కలామ్’, ‘సవానిహ్ మౌలానా రూమ్’ ఆ రోజులవే. తరువాత లక్నో వెళ్లి నద్వతుల్ ఉలమా విద్యా బాధ్యతలు స్వీకరించారు. 1907 మే నెలలో స్వస్థలమైన ఆజంగఢ్‌లో, ఇంట్లో ఉన్న తుపాకి పొరపాటున పేలి ఆయన పాదం ఛిద్రమైంది. కాలు తీసివేయక తప్పలేదు. అప్పటికి వయసు యాభై. నద్వా పని సగంలో ఉంది. ఫారసీ కవిత్వ చరిత్ర ‘షేరుల్ అజమ్’ చేతిలో ఉంది.

మరుసటి సంవత్సరమే, 1908లో, ‘షేరుల్ అజమ్’ మొదటి సంపుటం వెలువడింది. అదే ఏడు నవంబరులో లక్నోలో నద్వా కొత్త భవనానికి పునాదిరాయి పడింది. కృత్రిమ పాదం అమర్చుకుని ఆయన మళ్లీ ప్రయాణాలు సాగించారు. ఇదంతా ప్రశాంతంగా సాగిందని అనుకోకూడదు. షిబ్లీ స్వభావంలో తొందర ఉంది, కోపం ఉంది. నద్వాలో సహచరులతో విభేదాలు ముదిరి 1913లో తప్పుకున్నారు కూడా. ఉర్వా వంటి నిశ్చలత ఆయనది కాదు. సహనానికి ఒకే ముఖకవళిక ఉండాలని ఎక్కడా లేదు. విసుక్కుంటూ కూడా రోజువారీ పని వదలకుండా ఉన్న మనిషిని సహనశీలి కాదనలేం. అన్నిటికంటే పెద్ద పనిని, ‘సీరతున్నబీ’ని, ఆయన నిజంగా చేపట్టింది కాలు పోయిన అయిదేళ్ల తరువాత. భోపాల్ పాలకురాలు సుల్తాన్ జహాన్ బేగం నెలవారీ సాయం అందించారు.

1914 నవంబరులో ఆజంగఢ్‌లో ఆయన చివరి జబ్బు పడ్డారు. రెండు సంపుటాలకు సరిపడా పని జరిగింది గాని గ్రంథం పూర్తికాలేదు. మూడు తంతులు వెళ్లాయి: కలకత్తాలోని మౌలానా ఆజాద్‌కు ఒకటి, హైదరాబాదు దారుల్ ఉలూమ్‌లో ఉన్న మౌలానా హమీదుద్దీన్ ఫరాహీకి ఒకటి, పూనాలో బోధిస్తున్న శిష్యుడు సయ్యద్ సులైమాన్ నద్వీకి ఒకటి. వస్తే సీరత్ పని ఒక ఏర్పాటుకు వస్తుందన్నదే సందేశం. నద్వీ వచ్చేసరికి గురువుకు మాట సరిగా రావడం లేదు. శిష్యుని చేయి పట్టుకుని సీరత్ పేరే పలికారు. నవంబరు 18న కన్నుమూశారు. మిగిలిన సంపుటాలు నద్వీ వ్రాశారు.